కరీమున్ గ్రహం

బెంగుళూరు,
15-2-2004.

పెదనాన్నకి సలాం.

ఈ ఉత్తరం నిజానికి నాయనమ్మకి. ఆమెకి చదవడం రాదు కాబట్టి మీ పేరున పంపాల్సి వస్తోంది. మధ్యలో మీ మాటలు కలపకుండా చదివి వినిపించండి.

నాయనమ్మా, జ్వరం తగ్గింది. నువ్వు పంపిన పండుమిరప పచ్చడి హాస్టల్లో మూడు రోజులు కూడా ఆగలేదు. అంత దూరంలో కూర్చుని చుక్కలు లెక్కపెడితే ఎవరికి లాభమని అడిగావట. లెక్కపెట్టడం కాదు. ఒక కొండ మీద చిన్న కెమెరా పెట్టి, కొన్ని వేల నక్షత్రాల వెలుగు ఎంతుందో కొలుస్తుంటాం. ఆ వేలల్లో ఒకటి మూడు రోజుల రెండు గంటలకోసారి కాస్త మసకబారుతోంది. రెండున్నర గంటలు అలా ఉండి మళ్ళీ మామూలవుతోంది. పెళ్ళి ఊరేగింపులో దూరంగా పోతున్న పెట్రోమాక్స్ లైటు గాజు మీద ఈగ పాకిందనుకో, ఎంత వెలుగు తగ్గుతుంది? ఇదీ అంతే. కానీ గడియారం పెట్టుకున్నట్టు తగ్గుతోంది. అంటే దాని చుట్టూ ఏదో తిరుగుతూ మనకి అడ్డం వస్తోందన్నమాట.

అది గ్రహమైతే మన గురుగ్రహం కన్నా పెద్దది. తన సూర్యుడికి ఎంత దగ్గరగా తిరుగుతోందంటే, మనకి ఏడాది పట్టే చుట్టు దానికి మూడు రోజుల్లో అయిపోతుంది. ఎప్పుడూ ఒకే ముఖం ఆ మంటకేసి పెట్టి ఉంటుంది. ఆ వైపు సీసం పెడితే నీళ్ళలా కరుగుతుంది. కాలు పెట్టడానికి నేల లేదు, అంతా కుతకుతలాడే గాలే. ఇలాంటివి వేరే దేశాలవాళ్ళకి ఇప్పటికే కొన్ని దొరికాయి. ఇప్పుడు మాకూ ఒకటి దొరికినట్టే ఉంది. పేరు పెట్టే హక్కు నాకుంటే కరీమున్ అని నీ పేరే పెడతాను.

ఇక మీకు, పెదనాన్నా. షమా పదో తరగతి పరీక్షలు అవగానే ఆదాం గారబ్బాయి వాసింకిచ్చి నిఖా చేస్తున్నారని విన్నాను. దానికింకా పదహారేళ్ళు నిండలేదు. నా కూతురు, నా ఇష్టం అంటారు. మీ ఇష్టాలు ఎలా ఉంటాయో నా విషయంలో ఒకసారి చూశాను.

సిద్దికా

*

786
సత్తెనపల్లి,
3-3-2004.

సిద్దికాకి పెదనాన్న మాబు సాహెబ్ దీవెనలు. నీకు అక్కర్లేకపోయినా పెద్దవాణ్ణి కాబట్టి పంపుతున్నాను.

నా మాటలు కలపొద్దన్నావు, కలపలేదు. మన పరుపుల కొట్లోనే అమ్మని కూర్చోబెట్టి చదివాను. రోడ్డు మీద మిరపకాయల లారీలు వరసగా ఆగి ఉన్నాయి. ఆ ఘాటుకి తుమ్ముకుంటూ తుమ్ముకుంటూ చదివాను. వినేవాళ్ళు ఇద్దరు కాస్తా పదిమందయ్యారు. దూది ఏకే మిషను కూడా ఆపేయించాను. సీసం కరుగుతుందన్న చోట అమ్మ బుగ్గలు నొక్కుకుని, "అంత మంటలో నా పేరెందుకురా? కాస్త చల్లటిదేదైనా దొరికితే పెట్టమను" అంది. అన్నదేగానీ, సాయంత్రం దాకా కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ తనే చెప్పింది.

విన్నవాళ్ళలో ఒక పేపరు విలేకరి ఉన్నాడు. పరుపు కుట్టించుకోవడానికి వచ్చినవాడు పరుపు సంగతి మర్చిపోయి నీ ఉత్తరం మొత్తం రాసుకుపోయాడు. కటింగు ఇందులో పెడుతున్నాను, చూసుకో. "మరో సూర్యుడి గ్రహాన్ని కనిపెట్టిన సత్తెనపల్లి అమ్మాయి. గ్రహానికి నాయనమ్మ పేరు. పెదనాన్న ప్రోత్సాహమే కారణం." నీ పదో తరగతి ఫొటో ఇచ్చాను. నా ఫొటో వాడే తీశాడు. ఇన్నేళ్ళుగా దూదేకులోడా అని పిలిచినవాళ్ళు నిన్న నన్ను మాబు సాహెబ్ గారూ అన్నారు. అది నీవల్లేనని ఒప్పుకుంటున్నాను.

షమా సంగతి నీకనవసరం. ఆదాంకి నోటి దురుసు ఉంది, కాదనను. కానీ కుర్రాడు నెమ్మదస్తుడు, చేతిలో పనుంది. బెంగుళూరులో కూర్చుని నాకు పాఠాలు చెప్పకు. ఆకాశం నీది, ఈ ఇల్లు నాది.

అమ్మ నీకు ముద్దులు పంపింది. నేను పంపడం లేదు.

మాబు సాహెబ్

*

బెంగుళూరు,
14-3-2004.

పెదనాన్నకి,

మీరు పంపిన కటింగు నాకు అందకముందే ఆ పేపరు ఇక్కడికి చేరింది. మా ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగువాళ్ళున్నారు. ఒకాయన దాన్ని ఇంగ్లీషులోకి మార్చి నోటీసు బోర్డుకి అంటించాడు. మా గైడు గారు పిలిచి ఒకటే అడిగారు: "సిద్దికా, గ్రహం దొరికిందని నాకెందుకు చెప్పలేదు?" అందరూ నవ్వారు.

నేను రాసింది దొరికినట్టే ఉందని. దొరికిందని కాదు. మసకబారడం చూశాం, అంతే. అది గ్రహమో ఇంకేదో తేల్చాలంటే పెద్ద దూరదర్శినితో చూడాలి. దానికి వంతు రావాలి. ఇంట్లో ముసలావిడకి ఆనందంగా చెప్పుకున్న మాటని బజార్లో పెట్టి అమ్మేశారు.

అంతకన్నా మండింది "పెదనాన్న ప్రోత్సాహం" అన్న మాటకి. మీరే చెప్పి రాయించారా? నేను మర్చిపోయాననుకున్నారా? నాన్న పోయిన రెండో ఏడు. నేను పదో తరగతిలో స్కూలు ఫస్టొచ్చిన రోజు. ఇంటర్ అప్లికేషన్ పట్టుకుని మీ ముందు నిలబడితే, "తండ్రి లేని పిల్లని ఊళ్ళు తిప్పితే రేపు ఎవడు చేసుకుంటాడు" అని దాన్ని నాలుగు ముక్కలు చేశారు. నాయనమ్మ రెండు రోజులు గుమ్మంలో కూర్చుని అన్నం ముట్టకపోతే అప్పుడు తలొంచారు. నన్ను చదివించింది ఆవిడ ఆకలి. మీ ఫొటో కాదు పేపర్లో రావాల్సింది.

ఆ విలేకరిని పిలిచి, గ్రహం ఇంకా రుజువు కాలేదని రాయించండి. ఇంతవరకూ మీరు నాకు ఏ మేలూ చెయ్యలేదు. ఇదొక్కటి చెయ్యండి.

సిద్దికా

*

786
సత్తెనపల్లి,
4-4-2004.

సిద్దికాకి,

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేశావు. ఎస్టీడీ బూతులో నలుగురి ముందు "హలో, హలో" అనుకుంటూ నిలబడ్డాను. అందుకే మళ్ళీ కాయితం.

దొరికినట్టే అంటే ఏమిటో నువ్వు నాకు నేర్పుతావా? వాన వచ్చినట్టే ఉందంటే గొడుగు తీసుకుంటాం. పెళ్ళి కుదిరినట్టే అంటే తాంబూలాలే తరువాయి అని. మన ఊళ్ళో ఎవణ్ణడిగినా అదే చెబుతాడు. అనుమానం ఉన్నదానివి అనుమానంగా ఉందని రాయాలి. నాయనమ్మ పేరు పెడతానని కూడా ఎందుకు రాశావు?

అప్లికేషన్ చింపాను. కాదనడం లేదు. మీ నాన్న కలీం పోయినప్పటి నుంచి నా మీద పడిన ఇంటి బరువు నీకేం తెలుసు? ఆ వారంలోనే నీ మేనమామలు నిన్ను తీసుకుపోయి ఎవడికో రెండో పెళ్ళిగా ఇచ్చేస్తామని నా గుమ్మంలో కూర్చున్నారు. అది నీకు చెప్పలేదు. చెప్పి ఏడిపించడం ఎందుకని. చదువుకి పంపనన్న నేనే, వాళ్ళని కూడా పంపేశాను. సరే, అది నీ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు సంగతి. విలేకరిని పిలవలేదు, పిలవను. ఎందుకో విను. పేపరు చూసిన దగ్గర్నుంచి షమా అన్నం మానేసింది, మా అమ్మ దగ్గర నేర్చిన విద్యే. అక్కలా చదువుకుంటానని. నేనూ ఆలోచించాను. ఆదాం ఇంటికెళ్ళి, "మా ఇంట్లో ఆడపిల్లలు గ్రహాలు కనిపెడుతున్నారు, ఈ సంబంధం వద్దు" అని చెప్పి వచ్చాను. వాడు కుర్చీలోంచి లేవకుండా, "ఎక్కువ ఎగరకు మాబూ" అన్నాడు. ఎగిరాను. ఎగిరే వచ్చాను.

ఆడపిల్లల హైస్కూల్లో ఒక గది బాగుచేయించి సైన్సు గది చేస్తున్నారు. దానికి నీ పేరు పెడతారట. హెడ్మాస్టరమ్మ సామ్రాజ్యం గారు గోడ మీద నారింజరంగు గ్రహం బొమ్మ వేయించారు, కింద కరీమున్ అని రాయించారు. జూన్‌లో బడి తెరిచాక ప్రారంభం. నువ్వు రావాలి. వచ్చి నవ్వుతూ నిలబడు చాలు.

మాబు సాహెబ్

*

బెంగుళూరు,
27-4-2004.

పెదనాన్నకి,

మేనమామల సంగతి నాకు తెలియదు. తెలిస్తే అప్పుడేమనేదాన్నో కూడా తెలియదు. ఇప్పుడు దాన్ని తెచ్చి నా ముందు పెట్టడం మాత్రం మీకే చెల్లింది.

గ్రహం లేదు.

మొన్న పదిహేడున మా వంతు వచ్చింది. నక్షత్రం మసకబారే వేళకి పెద్ద దూరదర్శిని అటు తిప్పాం. మా చిన్న కెమెరాలో ఒకే చుక్కగా కనిపించినది పెద్దదాంట్లో రెండు చుక్కలుగా విడిపోయింది. ఒకటి బాగా వెలిగేది, పక్కనే ఆనీ ఆనకుండా ఒక మసక చుక్క. వెలిగే నక్షత్రం కదలలేదు, మెదలలేదు, ఇసుమంత కూడా తగ్గలేదు. తగ్గింది పక్కనున్న మసక చుక్క, అదీ దాదాపు సగానికి. ఆ మసక చుక్క కూడా ఒకటి కాదు. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. ఒకటి రెండోదాన్ని కప్పినప్పుడు దాని వెలుగు పడిపోతోంది. ఆ తగ్గుదల పక్కదాని పెద్ద వెలుగులో కలిసిపోయి, మాకు ఈగ పాకినంతే కనిపించింది. మొత్తం మూడు నక్షత్రాలు. గ్రహం ఒక్కటీ లేదు.

మార్చి నెలాఖరుకే నాకు అనుమానం వచ్చింది. ఒకసారి మసక ఎక్కువ, ఒకసారి తక్కువ కావడం లెక్కల్లో చూశాను. మీకు రాయలేదు. గ్రహమే అయ్యుండాలని మూడేళ్ళుగా కోరుకుంటున్నదాన్ని. ఆ నెల రోజులూ నోరు మూసుకోవడం నా తప్పు. తక్కినదంతా మీది.

మా గైడు గారు, ఈ సంగతి ఎక్కడా అచ్చు కాలేదు కాబట్టి ఊరుకుందాం, ఇలాంటివి నలభై చూస్తే ఒకటి నిలుస్తుంది అన్నారు. ఇక్కడ ఊరుకోవచ్చు. అక్కడ గోడ మీద బొమ్మ ఉంది. పిల్లలు అదే నిజమని నేర్చుకుంటారు. సామ్రాజ్యం గారికి చెప్పి బొమ్మ తీయించండి. నేను రావడం లేదు.

షమా సంబంధం వదులుకున్నది మంచిపని. కానీ అది షమా కోసం చేశారా, మీ ఫొటో కోసం చేశారా? గ్రహం లేకపోయినా అది చదువుకోవాలి.

సిద్దికా

*

786
సత్తెనపల్లి,
12-5-2004.

సిద్దికా,

నీ ఉత్తరం ఎవరికీ చదవలేదు. అమ్మకి కూడా. అడిగితే ఒంట్లో బాగానే ఉందట అన్నాను. మా నాన్న పోయాక ఆవిడతో నేనాడిన మొదటి అబద్ధం అదే.

ఇక్కడ ఎండ నలభై ఆరు దాటింది. దూది పట్టుకుంటే వేళ్ళు కాలుతున్నాయి. కొట్లో కూర్చుని ఆ కాయితం పదిసార్లు చదివాను. నాకు ఎనిమిదో తరగతి దాకే వచ్చు, అయినా మనుషులు తెలుసు. ఫిబ్రవరిలో ఉన్న గ్రహం ఏప్రిల్లో ఎక్కడికి పోతుంది? నువ్వు కనిపెట్టావు. పేపర్లో నీ పేరొచ్చింది. మీ గైడుకి కడుపు మండింది. తండ్రి లేని పిల్ల, వెనక ఎవడూ రాడు అనుకున్నాడు. పెద్ద దూరదర్శిని తిప్పేది వాళ్ళే, లేదనేది వాళ్ళే. పైగా ఎక్కడా చెప్పకుండా ఊరుకుందాం అన్నాడట! ఎందుకు ఊరుకోవాలి? రేపు తన పేరు మీద వేసుకోవడానికి కాదూ? నీ చేతే లేదనిపించాడు. నువ్వు చదువుకున్నదానివి, నమ్మావు.

నేను వస్తున్నాను. మన వస్తువు మనం తెచ్చుకుందాం.

ఈలోగా బడికి ఒక్క ముక్క రాసినా ఊరుకోను. షమా సంబంధం ఆ గ్రహం మాట మీద వదులుకున్నాను. ఆదాం మిరపకాయల మార్కెట్ యార్డులో అందరితో, "చూద్దాం, గ్రహం పండితే పిల్ల చదువుతుంది, ఎండితే మా ఇంటికొస్తుంది" అంటున్నాడట. గ్రహం లేదని నీ నోటితో ఊరికి తెలిసిన రోజున నేనే వెళ్ళి వాసింకి పిల్లనిస్తాను. ఇది బెదిరింపే అనుకో. షమా చదువు నీ చేతుల్లో పెట్టాను. ఎటు కావాలో నువ్వే తేల్చుకో.

మాబు సాహెబ్

*

బెంగుళూరు,
9-6-2004.

మాబు సాహెబ్ గారికి,

మూడో తారీఖున నేను కొండ మీద ఉన్నాను. దిగివచ్చేసరికి ఆఫీసులో అందరూ లేచి నా వైపు చూశారు. మీరు గేటు దగ్గర "మా పిల్ల గ్రహం మాకిచ్చెయ్యండి" అని అరిచారట. వాచ్‌మన్ ఆపితే తోసేశారట. మా గైడు గారు తనే వచ్చి లోపలికి తీసుకెళ్ళి, టీ ఇప్పించి, ఆ రెండు చుక్కల ఫొటో ముందు పెట్టి వచ్చీరాని తెలుగులో గంటసేపు చెప్పారట. అంతా విని ఆయన చొక్కా పట్టుకున్నారు. ఆయనకి అరవై ఏళ్ళు. మొన్ననే గుండెకి ఆపరేషన్ అయింది. నేను ఆయన ఇంటికెళ్ళి వాళ్ళావిడ కాళ్ళు పట్టుకున్నాను.

నా మీద కమిటీ వేశారు. ఈ ఏడాది నా వంతులన్నీ ఆపేశారు. నన్ను ఇక్కడ ఉండనిస్తారో లేదో వచ్చే నెల తెలుస్తుంది. పదకొండేళ్ళ కిందట మీరు నాలుగు ముక్కలు చేసిన కాయితాన్ని ఇప్పుడు ఎనిమిది ముక్కలు చేశారు.

గ్రహాన్ని ఎవరూ దొంగిలించలేదు. ఆ రెండు చుక్కల్ని విడదీసింది మా గైడు కాదు, నేను. లేదని రాసిచ్చింది కూడా నేనే. నా దగ్గర ఒకరు లాక్కోవడానికి ఏమీ లేదు. ఇది మీకు ఎందుకు అర్థం కాదు?

మీరు రైల్లో మోసుకొచ్చి గేటు దగ్గర వదిలిన పరుపు వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. మీరు తోసినప్పుడు ఆయన మోచెయ్యి చీరుకుపోయింది.

మీ బెదిరింపు గురించి పది రోజులు నిద్ర లేకుండా ఆలోచించాను. నేను నోరు మూసుకుంటే షమా చదువుతుంది. ఎంతకాలం? ఆ పిల్ల రెండేళ్ళయ్యాక గ్రహాల పుస్తకమేదో తెరిచి, అక్క గ్రహం ఎక్కడుందా అని వెతుకుతుంది. అప్పుడు దొరకదు. అందుకే సామ్రాజ్యం గారికి ఈ పొద్దున్నే రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. సభలో పిల్లలకి చదివి వినిపించమన్నాను. షమా నన్ను క్షమించకపోవచ్చు. మీరు అన్నంత పనీ చేస్తే ఆ పాపం సగం నాది. అది తెలిసే రాశాను.

ఇక నాకు రాయకండి.

సిద్దికా

*

786
సత్తెనపల్లి,
27-6-2004.

సిద్దికా,

రాయొద్దన్నావు. ఇదే ఆఖరుది, చదివి పారెయ్.

ఇరవై ఒకటిన సభ. ముందు వరసలో ఆదాం తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. సామ్రాజ్యం గారు నన్ను పక్కకి పిలిచి నీ ఉత్తరం చేతిలో పెట్టారు. నీ దస్తూరీ చూడగానే ఒళ్ళు మండింది. "మాబు గారూ, చదవమంటే చదువుతాను, వద్దంటే మానేస్తాను. కానీ గదికి సిద్దికా పేరు బోర్డు మాత్రం పెట్టించను" అందావిడ. "చదవండి" అన్నాను. నాకేదో జ్ఞానం వచ్చిందనుకునేవు. రాలేదు. దాచామని తర్వాత తెలిస్తే ఊళ్ళో రెండుసార్లు చావాలి, అందుకని.

ఆవిడ చదివింది. మూడు నక్షత్రాల సంగతి నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. పిల్లలు గొడవ చెయ్యకుండా విన్నారు. పెద్దవాళ్ళే గుసగుసలు. ఆదాం లేచి, "మాబూ, గ్రహం పోయింది, పిల్ల ఉంది. తారీఖు పెట్టుకుందామా?" అన్నాడు. అందరూ నవ్వారు.

నిజం రాస్తున్నాను. నేను సరే అనడానికే లేచాను. మాట నోటిదాకా వచ్చింది. వాడు కూర్చుంటే అయిపోయేది. కూర్చోకుండా, "చదువుకున్న పిల్ల అబద్ధం ఆడి ఊరందర్నీ వెర్రివాళ్ళని చేసింది. వీళ్ళింట్లో చదువంటే ఇదే" అన్నాడు.

నాకు కళ్ళు కనబడలేదు. "అబద్ధమాడేదే అయితే నోరు మూసుకుని కూర్చునేదిరా!" అని అరిచాను. "చెప్పొద్దని నేనే దాన్ని బెదిరించాను. షమా పెళ్ళి చేసేస్తానని బెదిరించాను. బెంగుళూరెళ్ళి దాని పెద్దాయన చొక్కా పట్టుకున్నాను. దాని కొంప ముంచాను. అయినా రాసింది. దాన్ని అబద్ధాలకోరంటావా? నీ ఇంటికి నా పిల్లని పంపుతానా?" ఇంకా ఏమేం అన్నానో గుర్తులేదు. మైకు నా ముందే ఉందట, బజారు దాకా వినబడిందట. నా పరువు నీ గ్రహంతో పోయేది కాస్తా నా నోటితోనే పోయింది. మళ్ళీ దూదేకులోడినే అయ్యాను.

ఇంటికొచ్చి కూలబడితే అమ్మ మంచినీళ్ళిచ్చి నెమ్మదిగా చెప్పింది. నేను బెంగుళూరులో ఉన్న మూడు రోజుల్లో తను షమాని గుంటూరు తీసుకెళ్ళిందట. పిల్లకి ఐదువందల ఇరవై ఒకటి మార్కులు. ఎం.పి.సి. సీటు వచ్చింది. కాయితం మీద సంరక్షకురాలిగా వేలిముద్ర వేసింది. ఎనభై ఏళ్ళ మనిషి, బస్సులో నిలబడి వెళ్ళింది. "నీ ఉత్తరాల్లో ఏముందో నాకు చదవడం మానేశావు కదరా. అప్పుడే అనుకున్నా, నీ మాట మీద ఉంటే లాభం లేదని" అంది. షమా గోడకి ఆనుకుని నిలబడి ఉంది. భయపడుతోందేమో అనుకున్నాను. లేదు. నేనేమంటానా అని చూస్తోంది. నేను ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా వెళ్ళేదానిలా ఉంది. ఆ పొద్దు నువ్వు అప్లికేషన్ పట్టుకుని నిలబడినప్పుడు నీ ముఖం నేను చూడలేదు, కాయితమే చూశాను.

నీ గైడు గారికి విడిగా ఉత్తరం రాశాను. తప్పు నాది, పిల్లది కాదని. సామ్రాజ్యం గారు ఇంగ్లీషులో పెట్టారు. కమిటీకి చూపిస్తారో లేదో నాకు తెలియదు. వాచ్‌మన్ చెయ్యి ఎలా ఉంది? పరుపు వాడికిచ్చినందుకు నాకు కోపంగానే ఉంది. నా చేత్తో ఏకి, నా చేత్తో కుట్టిన పరుపది.

నీ మీద కోపం తగ్గిందనుకోకు. నాకు చెప్పకుండా బడికి రాశావు, నన్ను నలుగురిలో నిలబెట్టావు. ఉత్తరం మీద పెదనాన్న అని రాయడం మానేశావు. నేనూ దీవెనలు రాయడం లేదు, చూసుకో.

గురువారం నేనే షమాని హాస్టల్లో దింపి వచ్చాను. గుంటూరు దగ్గర పడ్డాక, ఆ మసక చుక్కలో రెండు నక్షత్రాలు అంత దగ్గరగా తిరుగుతూ ఎందుకు గుద్దుకోవు నాన్నా అని అడిగింది. నాకేం తెలుసు? తెలియదన్నాను. అక్కని అడగమంది. నేను అడగను. జవాబేదో నువ్వు దానికే రాయి, అర్థమయ్యేట్టు రాయి, "ఉన్నట్టే" "అయినట్టే" అని రాయకు. ఇంటికి రాయాల్సిన పనిలేదు. శనివారాలు వచ్చినప్పుడు అమ్మకి అదే చదివి పెడుతుంది.

మాబు సాహెబ్

షేక్ షమా,
ఇంటర్ ఎం.పి.సి. మొదటి సంవత్సరం,
రూము నంబరు 11, ఆడపిల్లల హాస్టలు,
అరండల్‌పేట, గుంటూరు.